టర్కిష్ నైట్‌కి వెళ్తున్నారా? బుకింగ్ నుంచి తిరుగు బస్సు దాకా

టర్కీ టూర్‌లో ఒక రాత్రి భోజనం, డాన్సు కలిపి అమ్మే కార్యక్రమాన్ని అక్కడ అందరూ 'టర్కిష్ నైట్' అంటారు. మూడు గంటల్లో దేశంలోని నాలుగు మూలల నృత్యాలూ తలా పది నిమిషాలు చూపిస్తారు. పక్కన భోజనం నడుస్తుంటుంది. ఇది పర్యాటకుల కోసం కట్టిన మూట, పల్లెటూరి పెళ్ళి కాదు. అది తెలిసి వెళ్తే బాగుంటుంది. డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్తే ఇంకా బాగుంటుంది. ఆ రాత్రి చెడిందంటే కారణం చాలాసార్లు స్టేజీ కాదు, అడగకుండా వదిలేసిన ప్రశ్నలే.

1. ముందు ఏ రకమో తేల్చుకోండి

కప్పడోకియా గుహ రెస్టారెంట్: టర్కీ నడిమధ్య ఉన్న కప్పడోకియా ప్రాంతంలో గోరెమె, ఉర్గుప్, అవనోస్ చుట్టుపక్కల మెత్తటి అగ్నిపర్వత శిలను తొలిచి చేసిన పెద్ద హాళ్ళు. మధ్యలో గుండ్రటి నేల, దాని చుట్టూ బల్లలు. టర్కిష్ నైట్ అంటే ఎక్కువమంది చెప్పేది ఇదే. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మా సలహా కూడా ఇదే.

ఇస్తాంబుల్ బోస్ఫరస్ పడవ: ఊరిని రెండుగా చీల్చే జలసంధి ఈ బోస్ఫరస్. కబతాష్, ఎమినోను లాంటి రేవుల నుంచి రాత్రి బయల్దేరి దాదాపు మూడు గంటలు తిప్పుతారు. దోల్మబాచె రాజప్రాసాదం, ఓర్తాకోయ్ మసీదు, 1452లో కట్టిన రుమెలి హిసారి కోట, అన్నీ దీపాల వెలుగులో కనిపిస్తాయి. చిక్కల్లా ఒక్కటే. కిటికీ అవతల కోట కనిపించే సమయానికే ఇవతల డాన్సు నడుస్తుంటుంది, రెండూ ఒకేసారి చూడలేరు. బోస్ఫరస్‌ని పగటి ఫెర్రీలో చూసేసుంటే రాత్రి నిశ్చింతగా స్టేజీ చూడొచ్చు.

భోజనం లేని థియేటర్: ఇస్తాంబుల్ సిర్కెజి స్టేషన్ దగ్గర 15వ శతాబ్దపు హమామ్‌ని, అంటే స్నానశాలని, ప్రదర్శనశాలగా మార్చిన హోజాపాషా ఇలాంటిది. తిండి పట్టింపు ఎక్కువున్నవాళ్ళు, డాన్సు మాత్రమే చాలనుకునేవాళ్ళు ఇటు వెళ్ళడం మేలు. తినేది మీకు నచ్చినచోట తిని వెళ్ళొచ్చు.

2. ఏ రాత్రికి పెట్టుకోవాలి

కప్పడోకియాలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. షో అయ్యేసరికి రాత్రి పదిన్నర, పదకొండు. హోటల్ చేరి పడుకునేసరికి పన్నెండు. ఆకాశంలో తిప్పే వేడిగాలి బెలూన్‌వాళ్ళ వ్యాన్ తెల్లారకముందే, వేసవిలోనైతే నాలుగింటికే వచ్చి నిలబడుతుంది. బెలూన్ ముందురోజు రాత్రి టర్కిష్ నైట్ పెట్టుకుంటే రెండూ సగం నిద్రలో చూసినట్టే.

గాలి వాటం బాగోకపోతే బెలూన్లు రద్దు చేసి మర్నాటికి జరుపుతారు. అందుకే బెలూన్‌ని మొదటి ఉదయానికి, టర్కిష్ నైట్‌ని చివరి రాత్రికి పెట్టుకోండి. మధ్యలో ఒక ఉదయం చేతిలో మిగలాలి. మూడు రాత్రుల బస ఉంటే ఇది సాఫీగా కుదురుతుంది. రెండే రాత్రులైతే, బెలూన్ రెండో ఉదయానికి జరిగిందా, ఆ ముందురాత్రి షో వదులుకోక తప్పదు. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న టికెట్టే కొనండి.

దిగిన రోజు రాత్రి మాత్రం వద్దు. మన గడియారం టర్కీ కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి పదకొండంటే హైదరాబాదు నుంచి దిగిన శరీరానికి ఒంటిగంటన్నర. బెల్లీ డాన్సు వచ్చే వేళకి పిల్లలే కాదు, పెద్దలూ బల్ల మీద వాలిపోతారు.

3. డబ్బు కట్టేముందు అడగాల్సినవి

హోటల్ రిసెప్షన్‌లో, ఏజెంటు దగ్గర, ఆన్‌లైన్‌లో, మూడుచోట్లా టికెట్లు దొరుకుతాయి. ఒకే షోకి మూడు ధరలు వినిపిస్తాయి. లీరా విలువ తరచూ మారుతుంది కాబట్టి చాలామంది యూరోల్లో చెప్తారు. ధర ఒక్కటే పోల్చొద్దు, దాంట్లో ఏమేం కలిశాయో పోల్చండి. ఈ కింది వాటికి జవాబులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడ ఏజెంట్లంతా వాట్సాప్‌లోనే ఉంటారు.

☐ హోటల్ నుంచి తీసుకెళ్ళి, మళ్ళీ దింపుతారా? ఎన్నింటికి వస్తారు?
☐ హాలు ఏ ఊళ్ళో ఉంది? బస్సులో ఎంతసేపు?
☐ బల్ల స్టేజీ పక్కనా, రెండో వరుసా, వెనకా? మాకు విడిగానా, వేరేవాళ్ళతో కలిపా?
☐ మద్యం కలిపిన ధరా, కలపనిదా? అపరిమితం అంటే ఏవేవి?
☐ మెయిన్ కోర్సులో ఏ మాంసం? శాకాహారం విడిగా ఉందా?
☐ చివర్లో ఇచ్చే చాయ్, కాఫీ ధరలో కలిసే ఉన్నాయా?
☐ పిల్లలకి ధర ఎంత? ఏ వయసు దాకా?
☐ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిస్తారా? ఎన్ని గంటల ముందు చెప్పాలి?

'అపరిమిత పానీయాలు' అంటే మామూలుగా స్థానికమైనవే: రకీ (సోంపు వాసనుండే సారా), టర్కీ వైను, బీరు, కూల్‌డ్రింకులు. స్కాచ్ అడిగితే బిల్లు విడిగా వస్తుంది. తాగనివాళ్ళు మద్యం లేని టికెట్ ఉందేమో అడగండి, చాలాచోట్ల తక్కువకే ఇస్తారు.

బల్ల విషయం. స్టేజీ పక్క బల్ల బాగా కనిపిస్తుంది, దానికి ధర కూడా ఎక్కువే. కానీ జనంలోంచి ఎవర్నైనా లాగేటప్పుడు ముందు చెయ్యి పడేది ఆ బల్ల మీదే. బిడియస్తులు, పెద్దవాళ్ళు ఉంటే రెండో వరుస అడగండి. డోలు శబ్దం గుహలో రెట్టింపవుతుంది. చంటిపిల్లలుంటే వెనక బల్లే నయం.

4. తిండి సంగతి: ఇక్కడ తొందరపడొద్దు

కెబాబ్ అంటే మేకో గొర్రో అనుకోవడం మన అలవాటు. టర్కీలో 'ఎత్' అంటే మాంసం, అది చాలాసార్లు 'దానా', అంటే ఆవుజాతి మాంసం. గొర్రెపిల్ల 'కుజు', కోడి 'తవుక్', చేప 'బలిక్'. పంది మాంసం భయం దాదాపు అక్కర్లేదు, బీఫ్ తినని వాళ్ళే జాగ్రత్తపడాలి. 'కోఫ్తె' అన్నా, 'కియ్మా' అన్నా ఏ మాంసమో అడగకుండా నోట్లో పెట్టుకోవద్దు. కియ్మా అంటే మన ఖీమానే.

శాకాహారులకి ఇంకో మెలిక ఉంది. 'ఎత్ తినను' అంటే కొందరు కోడి తెచ్చిపెడతారు, వాళ్ళ లెక్కలో కోడి వేరు. అందుకని పేర్లన్నీ చెప్పాలి. ఈ వాక్యాలు ఫోన్‌లో పెట్టుకోండి:

- ఎత్, తవుక్, బలిక్ యెమియోరుమ్: మాంసం, కోడి, చేప తినను.
- యుముర్తా యెమియోరుమ్: గుడ్డు తినను.
- దానా ఎతి యెమియోరుమ్: బీఫ్ తినను.
- ఇచిందె ఎత్ సుయు వార్ మి: ఇందులో మాంసం ఉడికించిన నీళ్ళు కలిశాయా?

ఈ మాట బుకింగ్ అప్పుడు ఒకసారి, బస్సెక్కేటప్పుడు ఒకసారి, బల్ల దగ్గర వెయిటర్‌కి ఒకసారి చెప్పాలి. మూడుసార్లు ఎందుకంటే, టికెట్ అమ్మినవాడు వేరు, తీసుకెళ్ళేవాడు వేరు, వడ్డించేవాడు వేరు. మధ్యలో ఎక్కడో మాట జారిపోతుంది.

మీరు కూర్చునేసరికి బల్ల మీద చిన్న చిన్న ప్లేట్లలో 'మెజె' సిద్ధంగా ఉంటుంది. ఏది ఏమిటంటే:

- హైదరి: నీరు వార్చిన గట్టి పెరుగులో వెల్లుల్లి, పుదీనా. పేరు చూసి హైదరాబాదుకి ముడిపెట్టకండి.
- ఎజ్మె: టమాటా, మిరపకాయ సన్నగా తరిగినది. మన రోటిపచ్చడికి కాస్త దూరపు చుట్టం. 'అజిలి' అని ఉంటే కారం వేసినట్టు. వాళ్ళ కారం మనవాళ్ళకి ఒక లెక్క కాదు.
- పట్లిజాన్: వంకాయ. నిప్పుల మీద కాల్చి మెదిపినది దొరికితే వదలకండి, అచ్చం మన కాల్చిన వంకాయ పచ్చడి గుజ్జే, చింతపండు ఒక్కటే తక్కువ.
- సిగరా బోరెయి: పల్చటి పిండిరేకులో జున్ను చుట్టి వేయించినది. లోపలిది 'పెయ్‌నిర్'. మన పనీర్‌కీ దీనికీ పేరు పర్షియన్ నుంచి వచ్చిందేగానీ ఇది ఉప్పటి చీజ్.
- యాప్రాక్ సర్మా: ద్రాక్షాకులో అన్నం చుట్టినది.

ఈ సర్మా దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి. చల్లగా, ఆలివ్ నూనె మెరుస్తూ వస్తే లోపల సాధారణంగా అన్నమే. వేడిగా, పైన పెరుగు వేసి తెస్తే ఖీమా ఉంటుందనే లెక్క. కూరిన వంకాయకీ ఇదే: చల్లటిది 'ఇమామ్ బయిల్ది', ఉల్లి టమాటాల కూరు. వేడివేడిది 'కర్నియారిక్', మాంసం కూరు. పప్పు చారులా కనిపించే 'మెర్జిమెక్' సూపు, తెల్లటి పిలావు రెండూ అమాయకంగా కనిపిస్తాయి. రెండిట్లోనూ మాంసం లేదా కోడి నీళ్ళు పోసి ఉండొచ్చు. పై నాలుగో వాక్యం అందుకే.

ఆకలి మీద మెజెతోనే కడుపు నింపుకోవద్దు. మెయిన్ కోర్సు మొదటి డాన్సుల తర్వాతే వస్తుంది. శాకాహారులకి మాత్రం ఈ సలహా తిరగేసి చెప్పాలి: మెజె గట్టిగా తినండి, బ్రెడ్ ఇంకా కావాలంటే అడగండి. మీ మెయిన్ కోర్సు చాలాసార్లు కూరగాయల ముక్కలు, పిలావు, అంతే.

కప్పడోకియా పేరుపడ్డ వంట 'తెస్తి కెబాబి', కుండ కూర. అవనోస్ కుమ్మరులు కిజిలిర్మాక్ నది ఎర్రమట్టితో చేసే కూజాలో మాంసం, టమాటా, మిరప, వెల్లుల్లి వేసి, మూతి మూసి, గంటల తరబడి ఉడికిస్తారు. వెయిటర్ దాన్ని మీ ముందుకు తెచ్చి చిన్న సుత్తితోనో కత్తి వెనకతోనో మెడ దగ్గర చుట్టూ కొట్టి పగలగొడతాడు. ఆ క్షణంలో ఫోన్ పట్టుకుని ముందుకి వంగకండి, ఆవిరి ఒక్కసారిగా పైకి కొడుతుంది. ప్లేట్లో వేశాక మొదటి రెండు ముద్దలు చెంచాతో కదిపి చూసుకోండి, మట్టిపెంకు ముక్క అప్పుడప్పుడూ జారిపడుతుంది. షో భోజనంలో కుండ కూర ఉందో లేదో బుకింగ్‌లోనే అడగాలి. అన్నిచోట్లా ఉండదు.

5. బట్టలు, సంచి

సూటూబూటూ అక్కర్లేదు. చక్కటి చొక్కా, చుడీదార్, చీర, ఏదైనా సరే. కప్పడోకియా వెయ్యి మీటర్లకి పైన ఉన్న పీఠభూమి, ఆగస్టులో కూడా రాత్రి చలేస్తుంది. హాల్లో జనం చేరాక వేడి, బయటికొస్తే వణుకు. అందుకే ఒక జాకెట్ ఉండాలి. పడవ మీదైతే గాలికి తలకి కట్టుకునే స్కార్ఫ్ కూడా.

☐ ఎత్తు మడమ లేని, జారని చెప్పులు లేదా బూట్లు. గుహ మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి
☐ చీరైతే పైటకి రెండు పిన్నులు (కారణం 8వ అంశంలో)
☐ చిన్న లీరా నోట్లు
☐ హోటల్ పేరు, చిరునామా ఉన్న కార్డు
☐ బుకింగ్ స్క్రీన్‌షాట్, గుహలో సిగ్నల్ రాకపోవచ్చు

6. ఆ సాయంత్రం వరస

రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య వ్యాన్ వస్తుంది. మీ హోటల్ తర్వాత ఇంకో నాలుగు హోటళ్ళు తిరుగుతుంది, కంగారుపడకండి. ఎక్కగానే డ్రైవర్ పేరు, బండి నంబరు ఫోటో తీసుకోండి. తిరిగేటప్పుడు బయట పది తెల్ల వ్యాన్లు వరసగా ఉంటాయి, అన్నీ ఒకేలా ఉంటాయి.

గుమ్మం దగ్గరే ఒక ఫోటోగ్రాఫర్ మిమ్మల్ని క్లిక్ మనిపిస్తాడు. అది ఉచితం కాదు, దీని సంగతి తర్వాత.

బల్ల దగ్గరికి తీసుకెళ్ళాక కూర్చునేముందే చూసుకోండి: స్తంభం అడ్డొస్తోందా? చెప్పిన వరసేనా? కాకపోతే అప్పుడే వాట్సాప్ మెసేజీ చూపించి మార్పించుకోవాలి. మెజెలో చెయ్యి పెట్టాక ఎవరూ మార్చరు.

ఆ తర్వాత వరస చాలాచోట్ల ఇలా ఉంటుంది: సెమా (సూఫీ సాధకులు గిరగిరా తిరుగుతూ చేసే ధ్యానం), ప్రాంతాల నృత్యాలు, పెళ్ళి ఘట్టం, మెయిన్ కోర్సు, బెల్లీ డాన్సు, చివర అందరూ కలిసి ఆడేది. కొన్ని హాళ్ళలో చలిమంట చుట్టూ ఆడటానికి మధ్యలో బయటికి తీసుకెళ్తారు. జాకెట్ తగిలించుకునే వెళ్ళండి.

7. సెమా జరిగేటప్పుడు

తెల్లటి ఘేరా దుస్తుల్లో గిరగిరా తిరిగే మెవ్లెవీ (రూమీ బాటలో నడిచే సూఫీ) సాధకులతో కార్యక్రమం మొదలవుతుంది. ఇది డాన్సు కాదు, ధ్యానం. నల్ల అంగీ తీసేయడం అహాన్ని వదలడం. తలమీది పొడవాటి టోపీ ఆ అహానికి సమాధిరాయి, తెల్ల వస్త్రం దాని కఫన్, అంటే శవానికి చుట్టే గుడ్డ. కుడి అరచెయ్యి పైకి, ఎడమది నేలవైపు: పైనుంచి అందుకున్నది కిందికి పంచడం. యునెస్కో 2008లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

చేయాల్సింది తక్కువే. చప్పట్లొద్దు, ఈలలొద్దు, ఫ్లాష్ వద్దు, గ్లాసులు ఖణేల్మనిపించొద్దు. ముగిశాక కూడా మిగతావాళ్ళు కొట్టేదాకా ఆగండి.

నిజం చెప్పాలంటే మెజె ప్లేట్ల మధ్య పది నిమిషాల సెమా నమూనా మాత్రమే. దాని మీద నిజంగా ఆసక్తి ఉంటే కోన్యా వెళ్ళండి. సూఫీ కవి రూమీ 1273 డిసెంబరు 17న కన్నుమూసింది అక్కడే, ఏటా డిసెంబరు 7 నుంచి 17 దాకా స్మారకోత్సవాలు జరుగుతాయి. టికెట్లు, గదులు చాలా ముందే చూసుకోవాలి.

8. డాన్సులు: ఏది చూడాలి, ఎందులో కలవాలి

గుర్తుపట్టడానికి తేలిక ఆనవాళ్ళు. చేతులు డేగ రెక్కల్లా చాపి, నెమ్మదిగా, మోకాలు నేలకి తాకిస్తే 'జెయ్‌బెక్', ఈజియన్ తీరానిది, తొమ్మిది మాత్రల తాళం. భుజాలు చేపపిల్లల్లా వణుకుతుంటే 'హోరోన్', నల్లసముద్రం వైపుది. చేతికి రెండేసి చెక్క గరిటెలతో టకటకమంటే 'కషిక్ ఓయును', కోన్యా, సిలిఫ్కె వైపుది. కత్తులు, మునివేళ్ళ మీద నడక కనిపిస్తే కాకసస్ ఆట.

పెళ్ళి ఘట్టంలో 'కినా గెజెసి', పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టే రాత్రి, మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఎర్ర మేలిముసుగులో పెళ్ళికూతురు, చుట్టూ కొవ్వొత్తులు పట్టుకున్న అమ్మాయిలు, అరచేతిలో గోరింటాకు ముద్ద. జనంలోంచి ఒకర్ని పెళ్ళికొడుకుగా పిలవడం మామూలే.

మీరు తప్పక కలవాల్సింది 'హలాయ్'. డోలు, జుర్నా (సన్నాయి లాంటిది) మోగగానే చిటికెన వేళ్ళు పెనవేసుకుని వరస కడతారు. కుడి చివర రుమాలు తిప్పేవాడు నాయకుడు.

1. ఎడమ చివర, తోక దగ్గర చేరండి. మధ్యలో దూరడం మర్యాద కాదు.
2. పక్కవాళ్ళ చిటికెన వేలు మీ వేలితో తగిలించండి, మోచేతులు దగ్గరగా ఉంచండి.
3. తేలిక అడుగు ఆరు లెక్కల్లో: కుడికాలు కుడికి, ఎడమకాలు దాని ముందుకి అడ్డంగా, కుడికాలు మళ్ళీ కుడికి, ఎడమకాలు గాల్లోకి, ఎడమకాలు నేలకి, కుడికాలు గాల్లోకి. మళ్ళీ మొదట్నుంచి.
4. తప్పితే ఆగకండి, పక్కవాళ్ళ పాదాలు చూసి అందుకోండి. ఆగితే వరసంతా మీ మీద పడుతుంది.

పైటకి పిన్నులు ఇందుకే. రెండు చేతులూ బందీ అయ్యాక జారే పైటని సర్దుకోవడానికి మూడో చెయ్యి ఉండదు.

బెల్లీ డాన్సర్ మీ బల్ల దగ్గరికొచ్చి పిలిస్తే వెళ్ళొచ్చు, మానొచ్చు. వద్దంటే కుడిచెయ్యి గుండె మీద పెట్టి నవ్వి 'తెషెక్కుర్ ఎదెరిమ్' (ధన్యవాదాలు) అనండి, చాలు. మన తల అటూఇటూ ఊపడం అక్కడ అందరికీ అర్థం కాకపోవచ్చు, సరేననుకుని లాక్కెళ్ళొచ్చు. కొందరు నోటు దుస్తుల్లో దోపడం చూస్తారు. అది తప్పనిసరి కాదు. ఇవ్వాలనిపిస్తే చేతికివ్వండి, తాకొద్దు.

9. రకీ తాగేవాళ్ళకి

సోంపు వాసన, నీళ్ళలాంటి రూపం, 45 శాతం ఆల్కహాల్. మన విస్కీ 42.8 శాతం. ముందు రకీ, తర్వాత చల్లటి నీళ్ళు, ఐసు చివర. నీళ్ళు పడగానే పాలలా తెల్లబడుతుంది, 'సింహం పాలు' అని ముద్దుపేరు. ఐసు నేరుగా రకీలో వేస్తే సోంపునూనె గడ్డకట్టి పైన పలుకులుగా తేలుతుంది. ఒక వంతుకి ఒకటి నుంచి రెండు వంతుల నీళ్ళు. మెల్లగా, పెరుగు మెజెతో, మధ్యమధ్య విడిగా నీళ్ళు తాగుతూ. అపరిమితం కదా అని గబగబా తాగినవాళ్ళకి రెండో సగం గుర్తుండదు.

10. డబ్బు బయటికి జారే చోట్లు

ఫోటో: చివర్లో మీ బొమ్మ అతికించిన ప్లేటో ఫ్రేమో బల్ల మీద పెడతారు. ముట్టుకునేముందు ధర అడగండి. అక్కర్లేకపోతే వెనక్కిచ్చేయండి, గొడవేమీ ఉండదు.

టిప్పు: 'బహ్‌షిష్', మన బక్షీసే. బాగా చూసుకున్న వెయిటర్‌కి లీరాల్లో, చేతికే ఇవ్వండి. విడిగా బిల్లు అయితే అయిదు నుంచి పది శాతం మామూలు.

బిల్లు: 'హెసాప్ ల్యుత్ఫెన్'. హిసాబు అంటే తెలియని తెలంగాణవాళ్ళుండరు. విడిగా తెప్పించుకున్నవి వచ్చినప్పుడే ధర రాసుకుంటే చివర్లో వాదన ఉండదు.

ఇస్తాంబుల్‌లో ఇంకో జాగ్రత్త: తక్సీమ్, సుల్తానహ్మెత్ వీధుల్లో చనువుగా పలకరించి 'మంచి షో ఉంది, రా తమ్ముడూ' అని తీసుకెళ్ళే అపరిచితుడి వెంట వెళ్ళొద్దు. రెండు బీర్లకి వేల లీరాల బిల్లు వేసి, కట్టేదాకా తలుపు దగ్గర నిలబడతారు. షోకి ముందే బుక్ చేసుకున్న చోటికే వెళ్ళండి.

11. అక్కడే ఎదురయ్యే చిక్కులు, అప్పటికప్పుడు చేయాల్సినవి

- శాకాహారం చెప్పినా మాంసం వచ్చింది: ప్లేటు ముట్టుకోకుండా వెయిటర్‌ని పిలిచి మెసేజీ చూపించండి. ముక్కలు ఏరేసి అదే ప్లేటు తేవడం జరుగుతుంది, కొత్త ప్లేటు అడగండి.
- శబ్దం భరించలేకపోతున్నారు: స్పీకర్ ఎదురుగా కాకుండా, గోడకి తొలిచిన గూళ్ళలో చోటడగండి. దూది ఉంటే చెవుల్లో పెట్టుకోవచ్చు.
- గుహలో ఊపిరాడనట్టుంది: బయటికెళ్ళి రావచ్చు, ఎవరూ ఆపరు. మళ్ళీ రావడానికి బల్ల నంబరు గుర్తుంచుకోండి.
- పడవలో కడుపు తిప్పుతోంది: పై డెక్‌కి వెళ్ళి ఒడ్డు దీపాల వైపు చూడండి. ఫోన్ చూడకండి.
- పిల్లలు నిద్రకొచ్చారు: తిరుగు బస్సు అందరితో కలిసే వెళ్తుంది, మధ్యలో వెళ్ళాలంటే టాక్సీ మీ ఖర్చు. చివరి అరగంట ఆగగలిగితే నయం.

12. తిరుగు బస్సు

ఆఖరి హలాయ్ మొదలవుతుండగానే జాకెట్, సంచి సర్దుకుని, బాత్రూమ్ పని చూసుకోండి. దీపాలు వెలిగాక అక్కడ వరస చాంతాడంత ఉంటుంది. సాయంత్రం తీసుకున్న బండి నంబరు ఫోటో తెరిచి వెతకండి. ఎక్కగానే మీ హోటల్ పేరు డ్రైవర్‌కి మళ్ళీ చెప్పండి. గోరెమెలో ఒకే పేరుకి 'కేవ్', 'సూట్స్', 'స్టోన్' తగిలించుకున్న హోటళ్ళు పక్కపక్కనే ఉంటాయి, అర్ధరాత్రి వేరే గుమ్మం ముందు దిగితే సామాన్యంగా మీ హోటల్ కొండపైన ఉంటుంది.